రేంజి సంచీ

రేంజి సంచీ అనగా షూటింగు క్రీడాకారులు సాధనకు గాని, పోటీలకు గాని షూటింగు రేంజికి వెళ్ళేటప్పుడు తమ తుపాకిని, తూటాలను, రక్షణ సామగ్రిని, పనిముట్లను, పత్రాలను వేరువేరు అరలలో సర్దుకొని తీసుకువెళ్ళే సంచీ. క్రీడాకారులు దీనిని రేంజ్ బ్యాగ్ లేదా కిట్ బ్యాగ్ అని వ్యవహరిస్తారు. చూడడానికి మామూలు ప్రయాణపు సంచీ వలెనే ఉన్నప్పటికీ, దీనిని ఎంచుకోవడంలోను, సర్దడంలోను కొన్ని నియమాలు పాటించవలసి ఉంటుంది. తుపాకిని తూటాల నుండి, సీసపు గుళ్ళను ఆహారం నుండి వేరుగా ఉంచడం, లైసెన్సు మొదలైన పత్రాలు ఎల్లప్పుడూ మనిషి వెంటే ఉండడం వీటిలో ముఖ్యమైనవి. ఈ నియమాలు క్రీడాకారుని సౌకర్యం కొరకే గాక, అతని చుట్టూ ఉన్నవారి భద్రత కొరకు కూడా ఏర్పడినవి.

## నేపథ్యం

షూటింగు 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు అంశాన్ని 1984 లాస్ ఏంజలెస్ ఒలింపిక్సులోను, 10 మీటర్ల ఎయిర్ పిస్టలు అంశాన్ని 1988 సియోల్ ఒలింపిక్సులోను ప్రవేశపెట్టారు. అంతర్జాతీయ పోటీలకు అంతర్జాతీయ షూటింగు క్రీడల సమాఖ్య నియమాలు రూపొందిస్తుంది. భారతదేశంలో ఈ క్రీడను 1951లో స్థాపించబడిన భారత జాతీయ రైఫిల్ సంఘం నిర్వహిస్తున్నది.

2004లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజత పతకం, 2008లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో స్వర్ణ పతకం సాధించిన తరువాత దేశంలో ఈ క్రీడకు ఆదరణ పెరిగింది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణలుగా హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్, ఈషా సింగ్, కైనాన్ చెనాయ్‌లను చెప్పవచ్చు. నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్య పతకం పొందాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టలులో రజతం, అదే అంశంలో జట్టు స్వర్ణం గెలుచుకుంది. అవే క్రీడలలో చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం, జట్టు స్వర్ణం పొందాడు. హైదరాబాదులో గచ్చిబౌలి వద్ద హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో షూటింగు రేంజి ఉంది.

క్రీడలో వచ్చిన మార్పులను బట్టి సంచీలోని వస్తువులు కూడా మారుతూ వచ్చాయి. కాగితపు లక్ష్యాలు మాత్రమే ఉన్న రోజులలో లక్ష్యాలు, వాటిని అట్టకు బిగించే పిన్నులు, దూరం నుండి రంధ్రాలను చూసే దుర్భిణి తప్పనిసరిగా ఉండేవి. ఎలక్ట్రానిక్ లక్ష్యాలు ఉన్న రేంజిలలో వీటి అవసరం తగ్గింది. కాని మన పట్టణాలలోని అనేక చిన్న రేంజిలలో నేటికీ కాగితపు లక్ష్యాలే వాడుకలో ఉన్నాయి. అదే విధంగా, మీటను వెనుకకు లాగి గాలిని నొక్కిపెట్టే పాత గాలి తుపాకుల స్థానంలో ముందే గాలి నింపిన సిలిండరుతో పనిచేసే తుపాకులు రావడంతో సిలిండరు, గాలి నింపే అడాప్టరు, పీడనమాపకం సంచీలో చేరాయి.

## సంచీ ప్రాముఖ్యత

10 మీటర్ల అర్హత పోటీలో ఎలక్ట్రానిక్ లక్ష్యాలపై 60 గుళ్ళు కాల్చడానికి 1 గంట 15 నిమిషాల వ్యవధి ఉంటుంది. దానికి ముందు సన్నాహానికి, సరిచూసుకొనే గుళ్ళకు 15 నిమిషాలు ఇస్తారు. ఎయిర్ రైఫిలు లక్ష్యంలో పది పాయింట్ల గుర్తు కేవలం 0.5 మిల్లీమీటర్ల చుక్క. ఇంతటి సూక్ష్మమైన పనిలో ఒక చిన్న మర వదులైనా, ఒక అలెన్ కీ ఇంటివద్ద మరచిపోయినా ఫలితం తారుమారు కావచ్చు.

దీనికి మను భాకర్ ఉదంతాన్ని చెప్పుకోవచ్చు. టోక్యో ఒలింపిక్సులో 2021 జూలై 25న 10 మీటర్ల ఎయిర్ పిస్టలు అర్హత పోటీ మధ్యలో ఆమె పిస్టలు మీట విరిగిపోయింది. మరమ్మతుకు విలువైన సమయం పోయింది. మిగిలిన గుళ్ళను తొందరగా కాల్చవలసి వచ్చిన ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి, ఎనిమిది మందికి మాత్రమే అవకాశముండే ఫైనలుకు చేరలేకపోయింది. 2024 పారిస్ ఒలింపిక్సులో అదే అంశంలో కాంస్యం, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు అంశంలో మరొక కాంస్యం గెలుచుకొని, స్వాతంత్ర్యానంతరం ఒకే ఒలింపిక్సులో రెండు పతకాలు పొందిన తొలి భారతీయురాలు అయింది.

అమెరికాకు చెందిన మాథ్యూ ఎమ్మన్స్ ఉదంతం తాళం విలువను తెలుపుతుంది. 2004 ఏథెన్సు ఒలింపిక్సుకు కొన్ని నెలల ముందు అతని రైఫిలును ఎవరో ఉద్దేశపూర్వకంగా పాడుచేశారు. ఎమ్మన్స్ సహ క్రీడాకారిణి వద్ద అరువు తెచ్చుకున్న రైఫిలుతో 50 మీటర్ల ప్రోన్ అంశంలో స్వర్ణ పతకం సాధించాడు. అందరికీ అంతటి అదృష్టం ఉండదు కనుక తుపాకి ఉన్న పెట్టెకు తాళం వేయడం, దానిని కంటికి ఎదురుగా ఉంచుకోవడం అవసరం.

## సంచీని ఎంచుకోవడం

సంచీ కొనడానికి ముందు తీసుకువెళ్ళవలసిన వస్తువులన్నిటినీ నేలపై ఒక దుప్పటి మీద పరచి చూడడం మంచి పద్ధతి. ఏ వస్తువు ఏ అరలోకి వెళుతుందో నిర్ణయించుకొని, ఆ పరిమాణానికి మరొక పావు వంతు చేర్చుకుంటే సరిపోతుంది. మరీ పెద్ద సంచీ కొన్నచో అనవసరమైన వస్తువులు చేరి బరువు పెరుగుతుంది. మరీ చిన్నదైనచో తుపాకి, తూటాలు ఒకే అరలో చేరే ప్రమాదం ఉంది.

### గుడ్డ, కుట్లు
సాధారణంగా ఈ సంచీలను పాలిస్టరు లేదా నైలాను గుడ్డతో తయారుచేస్తారు. దారపు మందాన్ని డెనియర్లలో చెబుతారు. 600 డెనియర్ల గుడ్డ తేలికగా ఉంటుంది. 1000 డెనియర్ల నైలాను బరువైనదైనా రాపిడికి ఎక్కువ తట్టుకుంటుంది. గుడ్డ కంటే ముందు కుట్లు తెగిపోవడం పరిపాటి. అందుచేత పట్టీలు సంచీకి కలిసే చోట రెండు మూడు వరుసల కుట్లు ఉన్నాయో లేవో చూడాలి. పట్టీ సంచీ పైభాగంలోనే ఆగిపోక, అడుగు చుట్టూ తిరిగి వచ్చినట్లయితే బరువు మొత్తం కుట్లపై పడదు.

### జిప్పులు
జిప్పుల పరిమాణాన్ని అంకెలతో సూచిస్తారు. మూసినప్పుడు పళ్ళ వెడల్పు సుమారుగా ఎన్ని మిల్లీమీటర్లుంటే అది ఆ అంకె. ముఖ్యమైన అరలకు 8 లేదా 10 అంకె గల జిప్పులు మన్నికైనవి. రెండు లాగుళ్ళు ఉండి, వాటి రంధ్రాలు కలిపి చిన్న తాళం వేసుకోగల ఏర్పాటు ఉంటే మంచిది.

### అరలు, అస్తరు
తుపాకి ఉంచే అరకు మెత్తని అస్తరు ఉండాలి. లోపలి అస్తరు లేత రంగులో ఉన్నచో చిన్న మరలు, స్ప్రింగులు కిందపడినా కనిపిస్తాయి. నల్లని అస్తరులో పడిన నల్లని మరను వెదకడం కష్టం. అరల సంఖ్య కంటే అవి ఒకదానితో ఒకటి కలియకుండా ఉండడం ముఖ్యం.

### అడుగు, పట్టీలు
రేంజి నేల సిమెంటుతోనో, కంకరతోనో ఉంటుంది. వానాకాలంలో తడిగా ఉంటుంది. కనుక అడుగున గట్టి పలక, రబ్బరు కాళ్ళు ఉన్న సంచీలు ఎక్కువ కాలం మన్నుతాయి. భుజపు పట్టీ వెడల్పుగా ఉండాలి. పిస్టలు క్రీడాకారులు కాల్చే చేతి వైపు భుజానికి బరువైన సంచీ తగిలించుకోకపోవడం మంచిది. ఆ భుజం అలసినచో కొద్దిసేపటి తరువాత గురి చూసే చేయి వణుకుతుంది.

### రూపం
తుపాకి బొమ్మలు, ఆయుధ సంస్థల పేర్లు పెద్దగా ముద్రించిన సంచీలు బస్సు స్టేషన్లలో, రైళ్ళలో అనవసరమైన దృష్టిని ఆకర్షిస్తాయి. అందుచేత అనుభవజ్ఞులు సాదా సంచీలకే ప్రాధాన్యం ఇస్తారు.

## సర్దవలసిన వస్తువులు

### తుపాకి, సేఫ్టీ ఫ్లాగు
తుపాకిని ఖాళీ చేసి, ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకొని, సేఫ్టీ ఫ్లాగు పెట్టి, దాని పెట్టెలో ఉంచి తాళం వేయాలి. సేఫ్టీ ఫ్లాగు అంటే తుపాకి ఖాళీగా ఉన్నదని దూరం నుండి చూసేవారికి కూడా తెలియజేసే నారింజ వంటి ముదురు రంగు దారం లేదా ప్లాస్టిక్ ముక్క. అంతర్జాతీయ నియమాల ప్రకారం గాలి తుపాకులలో ఇది గొట్టం మొత్తం పొడవునా ఉండాలి. గడ్డి కోసే యంత్రాలలో వాడే రంగు నైలాను తీగను కత్తిరించి కూడా చాలామంది దీనిని తయారుచేసుకుంటారు. ఇది సులభంగా పోయే వస్తువు కనుక మరొకటి సంచీలో అదనంగా ఉంచుకోవాలి.

10 మీటర్ల ఎయిర్ పిస్టలు 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, దాని బరువు 1500 గ్రాములు మించరాదు, ట్రిగ్గరు లాగుడు బరువు 500 గ్రాములకు తగ్గరాదు. ఎయిర్ రైఫిలు బరువు 5.5 కిలోగ్రాములు మించరాదు. రైఫిలు పొడవైనది కనుక దానికి విడిగా గట్టి పెట్టె ఉంటుంది. రైఫిలు క్రీడాకారుల రేంజి సంచీలో మిగిలిన సామగ్రి మాత్రమే ఉంటుంది.

### గుళ్ళు, తూటాలు
పోటీలలో వాడే 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళ్ళు సాధారణంగా 500 చొప్పున డబ్బాలలో వస్తాయి. రైఫిలు గుండు ఒక్కొక్కటి సుమారు 0.53 గ్రాముల బరువు ఉంటుంది. అంటే ఒక డబ్బాలోని గుళ్ళు పావు కిలో కంటే కొంచెం ఎక్కువ. సీసం మెత్తని లోహం కనుక కుదుపులకు గుండు వెనుక భాగం సొట్టపడుతుంది. డబ్బా లోపల పలుచని స్పాంజి ముక్క పెట్టి కదలకుండా చేయాలి. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల వంటి స్వల్ప భేదాలతో గుళ్ళు దొరుకుతాయి కనుక డబ్బాపై పరిమాణం, కొన్న తేదీ రాసి పెట్టుకోవడం అలవాటు.

.22 తూటాలు 50 చొప్పున పెట్టెలలో లభిస్తాయి. 500 తూటాల బరువు సుమారు 1.7 కిలోగ్రాములు. 12 బోరు షాట్‌గన్ తూటాలు 25 చొప్పున వస్తాయి. ఒక పెట్టె బరువు ఒక కిలోగ్రాముకు దగ్గరగా ఉంటుంది. ట్రాప్ అర్హత పోటీలో 125 పలకలు ఉంటాయి. ఒక్కొక్క పలకకు రెండు సార్లు కాల్చే అవకాశం ఉన్నది కనుక 250 తూటాల వరకు కావలసి రావచ్చు. ఇది దాదాపు 10 కిలోగ్రాముల బరువు. అందుచేత షాట్‌గన్ తూటాలకు వేరే సంచీ వాడడం, దూరపు పోటీలకు వెళ్ళినప్పుడు అక్కడే కొనుక్కోవడం జరుగుతుంది.

తూటాలను తుపాకి ఉన్న అరలో ఉంచకూడదు. వేరే అరలో, వీలైతే తాళం వేసిన చిన్న డబ్బాలో ఉంచాలి. విడి తూటాలను జేబులలో వేసుకోవడం మంచిది కాదు. ఇంటికి వచ్చిన తరువాత పిల్లల చేతికి చిక్కేవి ఎక్కువగా ఇటువంటివే.

### కంటికి, చెవికి రక్షణ
పగలని రకం కళ్ళద్దాలు, చెవులు మూసే మఫ్‌లు లేదా ప్లగ్గులు సంచీలో పైఅరలో, ముందుగా చేతికి దొరికే చోట ఉండాలి. 140 డెసిబెల్లకు మించిన పేలుడు శబ్దం ఒక్కసారి విన్నా వినికిడికి హాని కలగవచ్చు. షాట్‌గన్ శబ్దం ఈ స్థాయిని దాటుతుంది. పక్కవారి తుపాకి శబ్దం కూడా అంతే హానికరం కనుక చూడడానికి వచ్చినవారి కొరకు ఒక జత ప్లగ్గులు అదనంగా ఉంచుకోవాలి. శబ్దాలను స్వీకరించి వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లను అంతర్జాతీయ పోటీలలో క్రీడాకారులు వాడరాదు. సాధనకు అలవాటు పడినవారు పోటీకి మామూలు మఫ్‌లు విడిగా తీసుకువెళ్ళాలి.

### పనిముట్లు, విడిభాగాలు
ఈ వస్తువులను ఒక చిన్న డబ్బాలో గాని, చుట్టగలిగే గుడ్డ పొట్లంలో గాని ఉంచుతారు.

* తుపాకికి సరిపోయే అలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు
* అదనపు మరలు, స్ప్రింగులు, గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు
* ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు ఉన్నచో అదనపు బ్యాటరీ
* గాలి తుపాకి గొట్టం శుభ్రపరచే ఫెల్టు ముక్కలు
* .22 రైఫిలుకు శుభ్రపరచే కడ్డీ, గుడ్డ ముక్కలు, చమురు
* సిలిండరు, గాలి నింపే అడాప్టరు, పీడనమాపకం
* పెన్సిలు, చిన్న టార్చిలైటు, ఇన్సులేషన్ టేపు

సిలిండర్లలో గాలిని సాధారణంగా 200 బార్ల పీడనం వరకు నింపుతారు. పోటీ నిబంధనల ప్రకారం సిలిండరు తయారీదారు ఇచ్చిన గడువులో ఉండాలి. ఈ గడువు తయారైన తేదీ నుండి గరిష్ఠంగా 10 సంవత్సరాలు. తేదీ సిలిండరు మీదనే చెక్కి ఉంటుంది. గాలి నింపే మరలకు మామూలు చమురు పూయరాదు. అధిక పీడనంలో చమురు ఆవిరి మండే ప్రమాదం ఉంది. అడాప్టర్ల మరలు తయారీ సంస్థను బట్టి మారుతాయి కనుక ఇతరుల వద్ద అరువు దొరుకుతుందని అనుకోవడానికి వీలులేదు.

గురి సరిచేసే మరలు ప్రస్తుతం ఏ స్థానంలో ఉన్నాయో ఒక చిన్న పుస్తకంలో రాసి సంచీలోనే ఉంచుకోవాలి. ప్రయాణంలో కుదుపులకు గురి మారినచో ఆ లెక్క ప్రకారం తిరిగి సరిచేసుకోవచ్చు. రోజువారీ పాయింట్లు, గాలి, వెలుతురు వివరాలు కూడా ఇందులోనే రాస్తారు.

### దుస్తులు
రైఫిలు క్రీడాకారులకు ప్రత్యేకమైన బిరుసు జాకెట్టు, ప్యాంటు, బూట్లు, చేతి తొడుగు ఉంటాయి. జాకెట్టు గుడ్డ మందం ఒక పొరకు 2.5 మిల్లీమీటర్లు మించరాదు. మోకాలిపై కూర్చొని కాల్చే భంగిమలో పాదం కింద పెట్టుకొనే చిన్న దిండు పొడవు 25 సెంటీమీటర్లు, వ్యాసం 18 సెంటీమీటర్లు మించరాదు. జాకెట్టును గట్టిగా మడిచినచో ముడతలు స్థిరపడి ఒంటికి సరిగా అమరదు. వదులుగా చుట్టి, అన్నిటికంటే పైన ఉంచాలి. పిస్టలు క్రీడాకారులకు ఇంత సామగ్రి అవసరం లేదు. చీలమండను కప్పని చదునైన బూట్లు, ఎండకు టోపీ, తుడుచుకోవడానికి తువ్వాలు సరిపోతాయి.

### ఆహారం, నీరు, మందులు
నీళ్ళ సీసా, అరటిపండు, వేరుశనగ పల్లీల వంటి తేలికపాటి ఆహారం తీసుకువెళ్ళవచ్చు. అయితే వీటిని బయటి అరలో గాని, వేరే సంచీలో గాని ఉంచాలి. సీసం శరీరంలో చేరినచో నాడీ వ్యవస్థకు హాని చేస్తుంది. పిల్లలకు ఇది మరింత ప్రమాదకరం. గుళ్ళు పట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కొనకుండా ఏదీ తినరాదు. సంచీలో చిన్న సబ్బుబిళ్ళ తప్పక ఉండాలి. చేతులకు రాసుకొనే శానిటైజరు క్రిములను చంపుతుంది కాని సీసాన్ని తొలగించదు.

ప్రథమ చికిత్స సామగ్రిలో కట్టు గుడ్డలు, అంటుపట్టీలు, క్రిమిసంహారక ద్రవం ఉండాలి. మందుల విషయంలో క్రీడాకారులు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. రక్తపోటుకు, పార్శ్వపు తలనొప్పికి, ఆందోళనకు వైద్యులు ఇచ్చే ప్రొప్రనొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గిస్తాయి. అందుచేత ఇవి షూటింగులో పోటీ సమయంలోనే గాక, పోటీలు లేని కాలంలో కూడా నిషిద్ధం. వీటిని వాడేవారు తమంతట తాముగా మానివేయక, వైద్యుని సలహా తీసుకొని, చికిత్సార్థ మినహాయింపు గురించి సంబంధిత సంస్థను సంప్రదించాలి.

### పత్రాలు
ఆయుధ లైసెన్సు అసలు ప్రతి, గుర్తింపు కార్డు, రైఫిల్ సంఘం సభ్యత్వ కార్డు, పోటీ ప్రవేశ పత్రం, తుపాకి కొన్న రసీదు ఒక తడవని కవరులో పెట్టాలి. ఈ కవరు రేంజి సంచీలో కాక, చేతి సంచీలోనో జేబులోనో ఉండాలి. సంచీ పోయినచో పత్రాలు కూడా పోకుండా ఉండడానికి ఈ జాగ్రత్త. నకళ్ళు మాత్రం రేంజి సంచీలో ఉంచవచ్చు.

## సర్దే క్రమం

చివర కావలసినది ముందు, ముందు కావలసినది చివర సర్దాలి అన్నది సామాన్య సూత్రం. అనుభవజ్ఞులు పాటించే క్రమం ఈ విధంగా ఉంటుంది.

# తుపాకి ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొని, సేఫ్టీ ఫ్లాగు పెట్టి, పెట్టెకు తాళం వేయడం.
# తూటాలను లెక్కపెట్టి, వేరే అరలో అడుగున, మధ్యకు వచ్చేటట్లు ఉంచడం. బరువైనవి అడుగున ఉంటే సంచీ ఒరగదు.
# పనిముట్ల డబ్బా, సిలిండరు, శుభ్రపరచే సామగ్రి ఒక పక్క అరలో ఉంచడం.
# దుస్తులు, బూట్లు విడి గుడ్డ సంచీలో చుట్టి ఉంచడం.
# కళ్ళద్దాలు, మఫ్‌లు పైఅరలో ఉంచడం.
# నీరు, ఆహారం బయటి అరలో ఉంచడం.
# పత్రాలు ఒంటిమీద ఉన్నాయో లేవో చూసుకోవడం.

వస్తువుల జాబితాను ఒక అట్టపై రాసి సంచీ మూత లోపలి వైపు అతికించుకుంటే, వెళ్ళేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు కూడా సరిచూసుకోవచ్చు. బయలుదేరే ఉదయం కాక, ముందు రోజు సాయంత్రమే సర్దుకోవడం మేలు. ఒక వస్తువుకు ఎప్పుడూ ఒకే చోటు ఉన్నచో అది లేకపోవడం వెంటనే తెలుస్తుంది.

## చట్టం, ప్రయాణం

భారతదేశంలో తుపాకులకు సంబంధించి 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమావళి వర్తిస్తాయి. గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళాలు (4.5 మి.మీ.) మించక, గుండు శక్తి 20 జౌళ్ళు మించని గాలి తుపాకులకు లైసెన్సు అవసరం లేదు. అయినప్పటికీ వీటిని కూడా పెట్టెలో మూసి, కొన్న రసీదుతో సహా తీసుకువెళ్ళడం మంచిది. దూరం నుండి చూసేవారికి గాలి పిస్టలుకు, మందు పిస్టలుకు తేడా తెలియదు. .22 పిస్టళ్ళు, రైఫిళ్ళు, షాట్‌గన్‌లకు లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దానిపై రాసి ఉంటుంది. మరొక రాష్ట్రంలో పోటీకి వెళ్ళే ముందు దీనిని చూసుకోవాలి. ఎన్నికల సమయంలో లైసెన్సు గల ఆయుధాలను పోలీసులకు అప్పగించమని ఉత్తర్వులు వెలువడుతుంటాయి. అప్పుడు ప్రయాణించదలచినవారు ముందుగా పోలీసు ఠాణాలో విచారించుకోవాలి.

రోడ్డు ప్రయాణం: తుపాకి పెట్టెను కారు వెనుక భాగంలో, తూటాలను వేరుగా ఉంచాలి. మధ్యలో భోజనానికి ఆగినప్పుడు సంచీని బండిలో వదలి వెళ్ళరాదు. వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటి వేడి కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. నింపిన సిలిండరును, తూటాలను అటువంటి వేడిలో వదలడం ప్రమాదకరం.

రైలు ప్రయాణం: సంచీని తమ బెర్తు కింద గొలుసుతో కట్టి తాళం వేసుకోవాలి. లోపల ఏమున్నదో తోటి ప్రయాణికులకు చెప్పుకోవలసిన పని లేదు. పోలీసులు అడిగినచో లైసెన్సు చూపించాలి. పెట్టెను తెరవవలసి వస్తే వారి సమక్షంలోనే తెరవాలి.

విమాన ప్రయాణం: తుపాకిని చేతి సామానులో అనుమతించరు. ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో, చెక్ ఇన్ సమయంలో ప్రకటించి, లైసెన్సు చూపించి అప్పగించాలి. సంస్థను బట్టి రుసుము, ముందస్తు అనుమతి ఉంటాయి. అంతర్జాతీయ విమానయాన నిబంధనల ప్రకారం ఒక ప్రయాణికుడు ప్యాకింగుతో కలిపి 5 కిలోగ్రాముల వరకు మాత్రమే తూటాలు, విమానయాన సంస్థ అనుమతితో, అప్పగించే సామానులో తీసుకువెళ్ళవచ్చు. ఇద్దరు ప్రయాణికుల పరిమితులను కలిపి ఒకే పెట్టెలో పెట్టరాదు. సిలిండరును తుపాకి నుండి విడదీసి, గాలి ఖాళీ చేసి ఉంచాలి. పనిముట్లు అప్పగించే సామానులోనే ఉండాలి. దీనికి భిన్నంగా, ఫోను చార్జి చేసే పవర్ బ్యాంకును చేతి సామానులోనే పెట్టాలి.

రేంజికి వాడే సంచీనే తరువాత మామూలు ప్రయాణానికి వాడడం వలన చిక్కులు వస్తాయి. మూలలో మరచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయ తనిఖీలో బయటపడినా పోలీసు కేసుకు దారితీయవచ్చు. రేంజి సంచీని ఆ పనికే కేటాయించుకోవాలి.

## రేంజిలో పాటించవలసినవి

తుపాకిని రేంజి అధికారి అనుమతి ఇచ్చిన తరువాత, కాల్చే స్థానంలోనే పెట్టె నుండి తీయాలి. వాహనం వద్ద గాని, వేచి ఉండే గదిలో గాని స్నేహితులకు చూపించడానికి తీయరాదు. పెట్టెను తెరిచేటప్పుడు గొట్టం లక్ష్యాల వైపు ఉండేటట్లు ముందే సర్దుకోవాలి. లక్ష్యాల వైపు మనుషులు ఉన్నంతసేపు తుపాకిని గాని, తూటాలను గాని ముట్టుకోరాదు. కావలసిన వస్తువులను తీసుకొని సంచీని వెనుక, దారికి అడ్డం లేకుండా పెట్టాలి. కాల్పులు ముగిసి, అధికారి తనిఖీ చేసి, ఫ్లాగు పెట్టిన తరువాతనే తుపాకిని తిరిగి సర్దాలి.

## ఇంటికి వచ్చిన తరువాత

సంచీని అలాగే ఒక మూల పెట్టివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. పెట్టెలోని స్పాంజి గాలిలోని తేమను పీల్చుకొని లోహానికి తుప్పు పట్టిస్తుంది. కోస్తా జిల్లాలలోను, వానాకాలంలో అన్ని చోట్లా ఈ సమస్య ఎక్కువ. తుపాకిని తీసి, చెమట మరకలు తుడిచి, లోహభాగాలకు పలుచగా చమురు పూసి, ఇంటివద్ద తాళం గల చోట భద్రపరచాలి. తూటాలను వేరే చోట తాళం వేసి ఉంచాలి. పెట్టెను కొంతసేపు తెరిచి ఆరనివ్వాలి. సిలికా జెల్ పొట్లాలు తేమను తగ్గిస్తాయి. నీలి రంగు గుళికలు గులాబి రంగుకు మారినచో వాటి శక్తి అయిపోయినట్లు. జాకెట్టును ఎండలో కాక నీడలో ఆరవేయాలి.

నెలకు ఒకసారి సంచీని పూర్తిగా ఖాళీ చేసి, తలకిందులుగా దులిపి, లోపల తడిగుడ్డతో తుడవాలి. పొడిగా దులిపినచో సీసపు ధూళి గాలిలో కలుస్తుంది కనుక ఈ పని ఇంటి బయట, పిల్లలకు దూరంగా చేయాలి. తుడిచిన గుడ్డను పారవేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

## కొత్తవారికి

సాధన మొదలుపెట్టేవారు తొలి రోజునే ఖరీదైన సంచీ కొనవలసిన అవసరం లేదు. చాలా శిక్షణ కేంద్రాలలో తుపాకి, గుళ్ళు అక్కడే ఇస్తారు. అప్పుడు కళ్ళద్దాలు, ప్లగ్గులు, చదునైన బూట్లు, తువ్వాలు, నోటు పుస్తకం, నీళ్ళ సీసా, సబ్బు పట్టే చిన్న సంచీ సరిపోతుంది. సొంత తుపాకి కొన్న తరువాతనే అంశానికి తగిన సంచీని ఎంచుకోవచ్చు. బడి పిల్లలు సాధనకు వెళ్ళేటప్పుడు పుస్తకాల సంచీని రేంజి సంచీగా వాడరాదు. అదే సంచీలో అన్నం డబ్బా కూడా ఉంటుంది కనుక సీసపు ధూళి దానికి అంటుకొనే అవకాశం ఉంది. గాలి తుపాకి గుండు అందులో మిగిలిపోయి బడికి చేరడం కూడా మంచిది కాదు.

## ఇవి కూడా చూడండి

* షూటింగు
* ఎయిర్ రైఫిలు
* గగన్ నారంగ్
* ఈషా సింగ్
* మను భాకర్
* భారత జాతీయ రైఫిల్ సంఘం